తీర్థం పట్టే తోడేలు

ముఖం చూసి నడక చెప్పిన తెలివితక్కువవాణ్ణి నేను. తిరుపతిలో ఒక కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా జంతుశాస్త్రం చెప్పాను. "అంతరించిపోయిన జంతువు ఎట్లా తిరిగేదో తెలియాలంటే ముఖం చూడకండి, కాళ్ళ ఎముకలు చూడండి" అని ఏటా ఒక కొత్త తరగతికి చెప్పడం, ఏటా వాళ్ళు పుర్రె బొమ్మ వైపే చూడటం నాకు అలవాటైపోయింది. తీరా రిటైరై, ఎవరూ పరీక్ష పెట్టని కాలంలో, నేనే ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పాను. చెప్పింది గాలిలో కలిసిపోయేది అయితే బాధ లేదు. మట్టిలో కలిసింది. ఆ మట్టి కాలి ఎర్ర రాయి అయ్యేలోపు దిద్దుకోవడానికి చేసిన ప్రయాణం ఇది. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా పలమనేరు, మళ్ళీ వెనక్కి. పెద్ద దూరమేమీ కాదు. కానీ తన తప్పును సంచిలో పెట్టుకుని బయలుదేరిన మనిషికి పక్క వీధి కూడా దూరమే.

నా భార్య అన్న చెంగల్రాయులు పలమనేరులో బడి నడుపుతాడు. మేమిద్దరం ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. ఆ పిలుపుతో పాటు ఎగతాళి చేసే హక్కు కూడా ఇద్దరికీ ఉంది. ఆయన తన హక్కును రోజూ వాడుకుంటాడు, నేను దాచుకుంటాను. మొన్నామధ్య ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర బడి గేటు పక్కన పెట్టడానికి మట్టి బొమ్మ కావాలన్నాడు.

"అందురి గేటు కాడా సింహమే ఉండాది బావా. నాకు ఎవురికీ లేంది కావల్ల. భూమ్మీదే లేంది అయితే ఇంగా మేలు" అన్నాడు.

పాయసం మంచి రుచిగా ఉంది. ఆ ఉత్సాహంలో టాస్మేనియా దీవి జంతువు పేరు చెప్పాను. మన తాతల కాలం దాకా బతికి ఆ తర్వాత లేకుండా పోయిన వేట జంతువు. కుక్క ముఖం, వీపు వెనక భాగాన పులి చారలు, కంగారూకు మాదిరి పిల్లలను మోసే సంచి. చూసినవాళ్ళలో కొందరు తోడేలన్నారు, కొందరు పులన్నారు. ఏ పేరుకూ పలకకుండానే అది వెళ్ళిపోయింది.

"ఎట్ల పట్టేది వేటని?" అని అడిగాడు బావ.

"తోడేలు మాదిరి. తరిమి, తరిమి, అలిసిపోయేదాకా తరిమి" అన్నాను. అని ఊరుకోకుండా శుభలేఖ వెనకవైపు నాలుగు కాళ్ళూ గాలిలో ఉన్నట్టు ఒక బొమ్మ గీసిచ్చాను. నేను చూసింది దాని పొడుగాటి మూతి మాత్రమే. బావ ఆ శుభలేఖను మడిచి జేబులో పెట్టుకున్నాడు. జేబులోకి పోయింది మళ్ళీ నా చేతికి రాలేదు.

తర్వాత కొన్నాళ్ళకు స్నానాల గదిలో జారి కుడి ముంజేయి విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక చెయ్యి మడుచుకుంటోంది, చాచుకుంటోంది, కానీ తిరగడం లేదు. వ్యాయామం నేర్పే అమ్మాయి "దోసె తిరగేసినట్టు తిప్పండి సార్" అంటుంది. నా దోసె సగం దాకా లేచి అక్కడే నిలబడిపోతుంది.

చదివేవాళ్ళు ఒకసారి అరచేతిని బల్ల మీద బోర్లించండి. ఇప్పుడు మోచేయి కదలకుండా అరచేతిని వెల్లకిలా తిప్పండి. మీరు చేసిన ఆ చిన్న పనిలో ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి రెండోదాని మీద దొర్లింది. పిల్లికి ఆ పని చాలావరకు వచ్చు. వేటను దగ్గరికి రానిచ్చి, మీద పడి, చేతులతో వాటేసుకుని పట్టాలి గనక రావాలి. కుక్కకు, తోడేలుకు దాదాపు రాదు. మైళ్ళకొద్దీ పరిగెత్తే కాలు పక్కకు ఊగితే పని జరగదు. తలుపు బందు మాదిరి ముందుకూ వెనక్కూ కదిలితే చాలు. ఈ తేడా జబ్బ ఎముక కింది కొసన, మోచేతి దగ్గర రాసి ఉంటుంది. కుక్కది ఇరుకుగా, లోతుగా, పెట్టెలా ఉంటుంది. పిల్లిది వెడల్పుగా, పలచగా పరుచుకుని ఉంటుంది. జంతువు పోయినా ఆ కొస మిగులుతుంది. అది మిగిలితే సగం కథ మిగిలినట్టే.

తిరగని చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక మధ్యాహ్నం నాకు ఆ చారల జంతువు మోచేయి గుర్తొచ్చింది. పాత పుస్తకాలు దించి బొమ్మలు చూశాను. కుక్క మోచేయి కాదది. పూర్తిగా పిల్లిదీ కాదు, కానీ పిల్లి వైపే మొగ్గింది. పాదాల ఎముకలు కూడా దూరం పరిగెత్తేవాటి మాదిరి పొడుగ్గా లేవు. పొదల చాటున నక్కి, కాచుకుని, చివర్లో మీద పడే రకం అని ఎముకలు చెబుతున్నాయి. నేనేమో దాన్ని ఊరి పొలిమేర దాటించి పరిగెత్తించాను.

వెంటనే బావకు ఫోన్ చేశాను.

"మట్టి పని అయిపోయింది బావా. సోమవారం నుంచి ఆరబెట్టి, ఆరినాక ఆవంలో పెట్టి కాలుస్తారు. కింద నీ పేరు గూడా చెక్కించినా" అన్నాడు.

నా పేరు. అబద్ధం మీద నా పేరు. రోజూ గేటు దాటే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఆ బొమ్మ తప్పు పాఠం చెబుతుంది, నేను పోయాక కూడా చెబుతూనే ఉంటుంది. మోచేయి సంగతి వివరించబోతే ఆయన మధ్యలోనే ఆపాడు.

"ఫోన్లో మోచెయ్యి కనపడదు. రా."

శనివారం పొద్దున ఆరున్నరకు తిరుపతి బస్టాండులో ఉన్నాను. నా దగ్గర పాత పాఠాల కాలం నాటి రెండు జబ్బ ఎముకలున్నాయి. ఒకటి కుక్కది, ఒకటి పిల్లిది, శుభ్రం చేసి వార్నిష్ పూసినవి. వాటిని గుడ్డ సంచిలో వేసుకోబోతే నా భార్య ఒప్పుకోలేదు. మూత సరిగా పట్టని పాత స్టీలు క్యారేజీ ఇచ్చి, "దీన్ని మళ్ళీ ఈ ఇంటికి తేవద్దు" అంది. ఎముకలను అన్నదో, క్యారేజీని అన్నదో, నన్నో అడగలేదు.

చిత్తూరు బస్సు అప్పటికే నిండింది. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు లేదు, నాకు సీటు లేదు. లెక్క సరిపోయిందని కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. చంద్రగిరి కోట పక్కనుంచి పోతుంటే, కొండ మీద ఎండ ఇంకా పచ్చగా ఉండగానే, నా చేతికి నొప్పి మొదలైంది. మల్లెపూల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దావిడ నా పట్టీ కట్టిన చేయి చూసి జరిగింది.

"కూసో సామీ. చెయ్యి బాగలేనట్టుండాది."

కూర్చున్నాను. బస్సు గతుకులో పడింది. క్యారేజీ గలగలమంది.

"ఏముండాది దాంట్లో? చెక్కలా?" అంది.

తిరుమల నుంచి దిగిన గుండ్ల మధ్య, శనివారం పొద్దున, కుక్క ఎముక అని చెప్పే ధైర్యం నాకు లేదు. "ఆ, చెక్కలే" అన్నాను.

"పండగ గూడా కాదే. ఎవురు చేసిరి?"

"ప్రకృతి చేసింది" అన్నాను, అబద్ధంలో ఒక పాలైనా నిజం ఉండాలని.

"కోడలా?"

"కాదమ్మా. చాలా పెద్దామె."

"పెద్దోళ్ళు చేసినవి గట్టిగా ఉంటాయిలే" అని ఆమె తృప్తిగా కిటికీ వైపు తిరిగింది. పూతలపట్టు దగ్గర కాణిపాకం పోవడానికి ఆమె దిగుతుంటే, ఒక చెక్క రుచి చూపించమని అడుగుతుందేమోనని క్యారేజీని కాళ్ళ కిందకు తోశాను. ఆమె అడగలేదు. నేను దాచింది మాత్రం చూసింది. ఎంత పిసినారో అనుకుని ఉంటుంది. ఎముకలున్న క్యారేజీ కన్నా పిసినారి పేరే మేలనుకున్నాను.

తొమ్మిది దాటాక చిత్తూరు. ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట. ఇడ్లీ తినాలంటే ఇక్కడే తినండి, ఘాట్ రోడ్డు మీద కడుపు ఖాళీగా ఉంటే మెలికలు ఎక్కువగా తెలుస్తాయి. నేను ఎడమ చేత్తో తిన్నాను. ఎదుటి బల్ల మీది పెద్దమనిషి ఇడ్లీ వదిలి నన్నే చూశాడు. కుడిచేత్తో పై నుంచి ఏరుకుని తినొచ్చు, కోడి గింజలు ఏరుకున్నట్టు. చట్నీ దగ్గరే చిక్కు వస్తుంది.

పలమనేరు బస్సులో సీటు దొరికింది. పక్కన గుండు, నుదుటిన నామం ఉన్న నడివయసు మనిషి. బంగారుపాళెం రాకముందే నా బాగాలేని చేయి మీద తల వాల్చి నిద్రపోయాడు. లేపుదామనుకున్నాను. కొండకు నడిచి ఎక్కాడేమో, ఆ అలసట తలలోంచి నా భుజంలోకి దిగుతోంది. నా అలసట కూడా అక్కడే ఉంది. రెండూ ఒకదానికొకటి ఆనుకుని మొగిలి ఘాట్ ఎక్కాయి. మలుపు తిరిగినప్పుడల్లా చేయి చురుక్కుమంది. కిటికీలోంచి గాలి కాస్త చల్లబడింది. కొండ వైపు చింత చెట్లు, అడవి అంచున ఏనుగులు దాటుతాయని హెచ్చరిక బోర్డు కనబడ్డాయి.

పైకెక్కాక ఆయన లేచాడు. సంచిలోంచి లడ్డు తీసి విరిచి నాకు ఒక ముక్క ఇవ్వబోయాడు. నేను ఎడమ చేయి చాచాను.

ఆయన ముక్క వెనక్కి తీసుకున్నాడు. "ఎడమ చేత్తో పడతావా సామీ? ప్రసాదం గదా."

"కుడిది తిరగదప్పా."

ఆయన నమ్మలేదు. కుడిచేయి చాపి బొటనవేలు పైకి పెట్టి చూపించాను. అంతకన్నా తిరగదు. కరచాలనానికి పనికొస్తుంది, కానుకలకు పనికిరాదు. ఆయన కాసేపు ఆలోచించి లడ్డు ముక్కను నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించాడు.

"ఇంతసేపూ నా తల ఆ చెయ్యి మిందేనా ఉండింది?" అన్నాడు.

"ఘాట్ అంతా."

"ఎందుకు లేపలేదప్పా" అన్నాడు, కోపంగానే. 

పదకొండున్నరకు బావ ఇంట్లో ఉన్నాను. ఆయన బడికి పోయాడు. ఆయన భార్య సుజాతమ్మ నన్ను అన్నా అంటుంది. నీళ్ళిచ్చి, కుశలం అడిగి, ఆడబిడ్డ ఏదో పంపిందనుకుని క్యారేజీని వంటింట్లోకి తీసుకుపోయింది. నేను లేచి "అమ్మా, అది" అనేలోపు మూత తీసిన చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేకపోవడం.

శనివారం ఆ ఇంట్లో గుడ్డు కూడా గడప దాటదు. పొయ్యి పక్కన నామం పెట్టిన చెంబు. దాని పక్కన నా కుక్క, నా పిల్లి.

సుజాతమ్మ బయటికి వచ్చి నిలబడింది. "అన్నా, శనివారం" అంది. ఆ ఒక్క మాటే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె వంటిల్లు కడుక్కుంటుంటే, నేను పెరట్లో రెండోసారి స్నానం చేస్తుంటే, బావ వచ్చాడు. విషయం విని గోడకు ఆనుకుని నవ్వాడు. నవ్వు ఆగాక బడి టీచర్లిద్దరికి ఫోన్ చేసి చెప్పాడు. తర్వాత పెరటి తలుపు దగ్గరికి వచ్చి, "బావా, పంచె ఇచ్చేదా, లేకుంటే పులి చర్మం కట్టుకుంటావా?" అన్నాడు. క్యారేజీని తీసి స్కూటరు సీటు కింద పెట్టాడు. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తిన్నంతసేపూ, నా పక్కన కూర్చున్న పక్కింటాయనకు నన్ను "మా ఎముకల బావ" అని పరిచయం చేశాడు. నేను తలవంచుకుని సంగటి ముద్ద మింగాను. మూడు గంటలకు ఆయన స్కూటరు వెనక కూర్చుని బొమ్మ చూడటానికి బయలుదేరాను. నా కింద సీటులో ఎముకలు గలగలమంటున్నాయి.

బొమ్మ చేస్తున్న కుప్పమ్మ పనిచేసేది ఊరి బయట రేకుల కొట్టంలో. నలభై దాటిన మనిషి, చేతులు మోచేతుల దాకా ఎర్రమట్టి. చుట్టూ తొట్లు, ఏనుగులు, గుర్రాలు. మధ్యలో తడి గోనెలు కప్పిన పెద్ద ఆకారం. ఆమె గోనెలు లాగేసింది.

భలే బొమ్మ. అదే నా బాధ. సన్నటి నడుము, బారెడు మూతి, గాలిలో నాలుగు కాళ్ళు, పొట్ట కింద ఆసరాగా మట్టి బండ. ఆ బండ మీద నా పేరు. వెనక గోడకు ఆనించిన రేకు మీద బడి కోసం రాయించిన అక్షరాలు: పరుగే గెలుపు.

"కళ్ళు మాత్రం పెట్టలా. మొగం మెత్తగానే ఉంచినా. మొగం చివర్న చేస్తా నేను, యా బొమ్మకైనా" అంది కుప్పమ్మ.

నేను ఎముకలు తీసి చూపించాను. ఇది ఇరుకు, ఇది వెడల్పు. ఇది పరిగెత్తేది, ఇది పట్టేది. మన జంతువుది ఈ వెడల్పు వైపే. కాబట్టి పరిగెత్తించకూడదు, కాచుకుని కూర్చోబెట్టాలి.

బావ రెండు ఎముకలనూ ఎండలో పెట్టి చూశాడు. "నాకు రెండూ మునక్కాయల మాదిరే ఉండాయి."

"బావా, అది నిజం కాదు. కింద నా పేరుంది."

"నీ పేరు ఈడ ఎవురు సదువుతారు? పిల్లోళ్ళు పరిగెత్తల్ల బావా. వాళ్ళమ్మా నాయనా పీజు కట్టేది అందుకే. గేటు కాడ ముడుచుకోని కూసున్న జంతువుని పెడితే ఏమనుకుంటారు? ఈ బళ్ళో నిద్ర నేర్పిస్తారు అనుకుంటారు." తర్వాత కుప్పమ్మ వైపు తిరిగి, "ఆయన చెయ్యే తిరగదు, ఆయన పులి చెయ్యి తిప్పుతాడంట" అన్నాడు.

కుప్పమ్మ నవ్వలేదు. గోనె మళ్ళీ తడిపి కప్పింది. "కుక్కంటే కుక్క, పిల్లంటే పిల్లి, నాకేం. మీరిద్దురూ ఒక మాట మింద నిలబడండి, అది నాలుగు కాళ్ళ మింద నిలబడతాది. రేపు మద్దేనం దాకా తడి మింద ఉంచుతా. ఆ మింద ఆరిపోతాది, ఇంగ నా వల్ల కాదు."

తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద వాదించే ఓపిక నాకు మిగల్లేదు. ముప్పై ఏళ్ళ పాఠాల్లో ఎంతమంది ఒప్పుకున్నారు గనక, ఈయన ఒప్పుకుంటాడని? పొద్దున్నే లేచి, పేరు మాత్రం చెరిపేయమని కుప్పమ్మకు చెప్పి, బస్సెక్కి ఇంటికి పోదామనుకున్నాను.

సాయంత్రం ఆరు తర్వాత బావ శనివారం తప్పకుండా పోయే గుడికి నన్ను కూడా తీసుకుపోయాడు. చిన్న గుడి, పెద్ద వరస. అలసిన కాళ్ళతో బావ వెనక నిలబడ్డాను. అయ్యవారు ఉద్ధరిణెతో తీర్థం పోస్తూ వచ్చారు. బావ కుడి అరచేయి గోకర్ణం మాదిరి చక్కగా పట్టి, తాగి, తలకు రాసుకున్నాడు.

నా వంతు వచ్చింది. చేయి చాచాను. బొటనవేలు పైకి.

"చెయ్యి తిప్పు సామీ" అన్నారు అయ్యవారు.

పొద్దున లడ్డు దగ్గర నేర్చుకున్నాను గనక ఎడమ చేయి చాచలేదు. మోచేతిని డొక్కకు అదుముకుని, ఒళ్ళంతా కుడివైపుకు ఒరిగితే అరచేయి కొంచెం పైకి తిరిగింది. మలుపులో ఒరిగిన బస్సు మాదిరి ఉన్నాను. తీర్థం మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి దిగిపోయింది. వెనకావిడ పక్కకు జరిగింది. బావ నోటికి కండువా అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వాడు.

గుడి బయట చెప్పులు వేసుకుంటూ కూడా నవ్వుతున్నాడు. నాకు కోపం కూడా రాలేదు. అంత అలసట.

"నవ్వు బావా. ఇప్పుడు నేను కుక్కను" అన్నాను. "కుక్క మోచేయి ఇట్లాగే ఉంటుంది. ఎంత భక్తి ఉన్నా తీర్థం పట్టలేదు. నీది పిల్లి మోచేయి మాదిరి, తిరుగుతుంది."

బావ నవ్వు సగంలో ఆగింది. తన చేతిని ముందుకు చాచి బోర్లించాడు, వెల్లకిలా తిప్పాడు. మళ్ళీ బోర్లించాడు.

"మన జంతువు?" అన్నాడు.

"తోడేలు కన్నా నయం. నీ అంత కాదు గానీ, తిప్పగలిగే వాలకమే ఉంది."

"అంటే తీర్థం పడతాదా?"

శాస్త్రప్రకారం ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ జంతువు ముంగాలు పక్కకు ఎంత తిరిగేదో ఎముక సుమారుగా చెబుతుంది, గుడికి పోయేదో లేదో చెప్పదు. "కొంచెం కారినా, పడుతుంది" అన్నాను.

బావ స్కూటరు తాళంచెవి తిప్పబోయి ఆగాడు. కాసేపు గుడి వైపు చూశాడు. మధ్యాహ్నమంతా రెండు ఎముకలు చెప్పలేనిది, తడిసిన నా చొక్కా చెప్పినట్టుంది.

"ముందే చెప్పల్ల గదా బావా. తీర్థం పట్టేదాన్ని పట్టుకోని పరిగెత్తిస్తామా?" అన్నాడు. ఇల్లు చేరే దాకా గేటు దగ్గర అది ఎట్లా కూర్చోవాలో ఆయనే నాకు చెప్పాడు. రేకు మీద 'పరుగే గెలుపు' తీసేసి 'ఓర్పే గెలుపు' రాయిస్తానన్నాడు. నేను తప్పు కారణానికి ఒప్పుకున్న శిష్యుణ్ణి దిద్దలేదు. చాలామంది సరైన కారణం విని కూడా ఒప్పుకోలేదు మరి.

ఆదివారం ఎనిమిదింటికే కొట్టంలో ఉన్నాం. కుప్పమ్మ గోనెలు తీసి, దారంతో నాలుగు కాళ్ళూ, పొట్ట కింది బండా కోసేసింది. ఇంత కష్టం ఇంత తొందరగా తెగిపోతుంటే నేను తల పక్కకు తిప్పుకున్నాను. ఆమె మాత్రం ఆ మట్టిని తొక్కి ముద్ద చేసుకుంటూ, "బండ పోయింది, అదే మేలు. ఆ బండ ఆవంలో పగులుతాదని నాకు బయంగానే ఉండె" అంది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంగ ఎట్ల కూసుంటాదో సూపించండి సారూ. నోటితో చెప్తే నా చేతికి అర్థం కాదు."

నేను నేల మీద మోకాళ్ళూనాను. కుడి చేతిని ముందుకు పెట్టి అరచేతిని లోపలికి తిప్పబోయాను. తిరగలేదు.

కుప్పమ్మ బావ వైపు చూసింది. నేను కూడా చూశాను.

"ఏంది?" అన్నాడు బావ.

"నాది కుక్క మోచేయి. నీదే కావాలి బావా" అన్నాను.

ఆయన తెల్ల చొక్కా, కొత్త పంచెతో ఉన్నాడు. కొట్టం బయట తొట్లు కొనడానికి వచ్చిన వాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. కాదనాలని చూశాడు గానీ, ఈ జంతువు తీర్థం పడుతుందని రాత్రే ఊళ్ళో నలుగురికి చెప్పుకున్నాడు. చివరికి గోనె పరిపించుకుని నాలుగు కాళ్ళ మీద దిగాడు.

"ముంజేయి నేల మీద పెట్టు. మోచేయి కొంచెం బయటికి. ఒక చేయి కొద్దిగా ఎత్తి అరచేతిని లోపలికి తిప్పు. అదీ. ఎదురుగా ఏదో వస్తోంది, నువ్వు కాచుకున్నావు" అన్నాను.

"ఏమొస్తా ఉండాది?"

"చిన్న కంగారూ."

కుప్పమ్మ చేతులు పరుగెత్తాయి. మట్టి మోచేయి వెడల్పుగా వచ్చింది, ముంగాలు కొద్దిగా లోపలికి తిరిగి లేచింది. పొట్టి పాదాలు నేలను పట్టుకున్నాయి. జబ్బ కింద ఆ తిరుగుడును వంగి దగ్గర నుంచి చూశాను. ఎన్నో పుస్తకాల్లో చదునుగా చూసిన సంగతి మొదటిసారి నిలబడి, కాదు కూర్చుని, కనిపించింది. ఇప్పుడు కింద మళ్ళీ నా పేరు చెక్కినా పరవాలేదు.

కాళ్ళయిపోయాయని కుప్పమ్మ నాకు సైగ చేసింది. బావ అది చూడలేదు. ఆయన మోకాళ్ళు నొప్పి పుట్టి, మెడ ఒకవైపుకు వంచి, కింది పెదవి ముందుకు పెట్టి, ఒక కనుబొమ్మ పైకి లేపి, కాఫీ ఎప్పుడొస్తుందా అన్నట్టు కొట్టం వాకిలి వైపు చూస్తున్నాడు. పెళ్ళిళ్ళలో రెండో పంక్తికి కూర్చోబెట్టినప్పుడు కూడా ఆయన ముఖం ఇట్లాగే ఉంటుంది. నా భార్య దాన్ని దూరం నుంచే గుర్తుపడుతుంది.

"ఇంకొంచెంసేపు బావా. కదలొద్దు" అన్నాను.

తర్వాత కుప్పమ్మ దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను. మోచేయి గురించి ఎముక చెబుతుంది, పాదం గురించి చెబుతుంది. కానీ మెడ ఎటు వంచేదో, పెదవి ఎట్లా పెట్టేదో ఏ ఎముకా చెప్పదు. అక్కడ బొమ్మ చేసేవాళ్ళ ఇష్టం.

కుప్పమ్మ బావ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. మొదటిసారి నవ్వింది. "మొగం చివర్న చేస్తాలే సారూ. మీరు పోయి బస్సెక్కండి."

మధ్యాహ్నం రెండింటి బస్సుకు సుజాతమ్మ చపాతీలు కట్టిచ్చింది, కొత్త డబ్బాలో. పాత క్యారేజీ, ఎముకలు కుప్పమ్మ కొట్టంలో వదిలేశాను. ఆమెకు మట్టి గీకడానికి పిల్లి ఎముక నచ్చింది. ఘాట్ దిగేటప్పుడు ఎవరూ నా చేతి మీద నిద్రపోలేదు. కొంచెం వెలితిగా అనిపించింది. చిత్తూరులో బస్సు మారి, కిటికీ దగ్గర కూర్చుని, చేతిని దోసె మాదిరి తిప్పుకుంటూ వచ్చాను. నిన్నటికన్నా ఒక వెంట్రుకవాసి ఎక్కువ తిరిగిందనిపించింది. బస్సు కుదుపు కూడా కావచ్చు. ఒక ఎముక కొసన ఉన్న వంపు కోసం రెండు రోజులు, నాలుగు బస్సులు, రెండు స్నానాలు. ఇంకెవరైనా అడిగితే ఈ పని మళ్ళీ చేయను. అడక్కపోతే చేస్తానేమో.

చంద్రగిరి దగ్గర ఎండ కోట మీద నుంచి దిగిపోతుంటే బావ ఫోన్ చేశాడు.

"పూర్తయిపోయింది బావా. బెమ్మాండంగా ఉండాది. సుజాతను గూడా పిల్చుకోని వచ్చి సూపించినా."

"ఏమంది?"

"ఏమీ అనలా. కొంగు అడ్డం పెట్టుకోని బయటికి పోయింది. దుమ్ము అనుకుంటా. కాళ్ళు నువ్వు చెప్పినట్టే ఉండాయి. మొగం మాత్రం యాడో సూసినట్టుండాది బావా. ఎవురో తెలిసినోళ్ళ మాదిరి."

"చూస్తే నాకూ అట్లే అనిపిస్తుందిలే బావా" అన్నాను.